ఎవరూ పట్టించుకోని పదో తరగతి

అమెరికాలో హైస్కూలు చదువు నాలుగేళ్లు. తొమ్మిదో తరగతి వారిని ఫ్రెష్‌మన్ అనీ, పదో తరగతి వారిని సోఫమోర్ అనీ, ఆపై రెండేళ్ల వారిని జూనియర్, సీనియర్ అనీ అంటారు. ఈ నాలుగు మెట్లలో సోఫమోర్ మెట్టుకు చెప్పుకోదగిన ప్రత్యేకత ఏదీ లేదు. ఫ్రెష్‌మన్‌కు కొత్తదనం ఉంది, ఆటపట్టించడానికి పైతరగతుల వారున్నారు. జూనియర్‌కు శాట్ పరీక్షా, కాలేజీల వేటా ఉన్నాయి. సీనియర్‌కు ప్రామ్ నాట్యాలు, పట్టా పుచ్చుకునే రోజు, ఇల్లు విడిచి వెళ్లే సంబరం ఉన్నాయి. సోఫమోర్ కొత్తవాడూ కాదు, వెళ్లిపోయేవాడూ కాదు. నేను 2000 ఆగస్టు నుంచి 2001 మే దాకా టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్న ప్లానోలో సోఫమోర్‌ని. 2000 ఏప్రిల్ దాకా తెనాలిలో తొమ్మిదో తరగతి చదివిన పిల్లను.

తెనాలిలో పదో తరగతి అంటే ఏమిటో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. అయినా ఆ రోజుల తీరు కొంత గుర్తు చేయాలి. మా ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతి పరీక్షలు ముగిసిన మరుసటి వారమే పదో తరగతి పాఠాలు మొదలుపెట్టేవారు. వేసవి సెలవులు అన్న మాట మిగతా తరగతులకే వర్తించేది. ఎండలో, కరెంటు కోతలో, ఫ్యాన్ తిరగని గదిలో లెక్కల మాస్టారు ప్రవచనాలు, సమితులు అన్న మొదటి అధ్యాయాన్ని నల్లబల్ల మీద రాస్తూ, ఈ అధ్యాయం నుంచి బిట్ పేపరులో ఎన్ని ప్రశ్నలు వస్తాయో కూడా పక్కన రాసేవారు. మా అందరికీ 600 అన్న అంకె ఒక్కటే కనిపించేది. ఇంట్లోవాళ్లు, వీధిలోవాళ్లు, చివరికి పాలు పోసే ఆయన కూడా 'వచ్చే ఏడు టెంత్ అంటగా' అని జాగ్రత్త చెప్పి వెళ్లేవారు. పెళ్లిళ్లకు రావద్దని, సినిమాలు చూడవద్దని, టీవీ వైరు పీకేస్తామని ముందే ప్రకటనలు వెలువడ్డాయి. ఆ యుద్ధానికి సర్వసన్నద్ధురాలినై, ఖాకీ అట్టలు వేసిన కొత్త పుస్తకాలతో కూర్చున్న సమయంలో, అప్పటికే ఏడాదిగా డాలస్‌లో ఉంటున్న నాన్న మాకు హెచ్-4 వీసాలకు, అంటే ఉద్యోగ వీసా మీద ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే వీసాలకు, కాగితాలు పంపారు. జూలైలో నేనూ అమ్మా తమ్ముడూ బయలుదేరాము. సూట్‌కేసులో బరువు సరిపోక ఆవకాయ జాడీ ఒకటి ఆగిపోయింది గానీ, పదో తరగతి లెక్కల పుస్తకం మాత్రం నేను చేతిసంచిలో పెట్టుకుని తెచ్చాను.

ప్లానో బడుల ఏర్పాటులో ఒక విచిత్రం ఉంది. అమెరికాలో చాలా ఊళ్లలో నాలుగు తరగతులూ ఒకే బడిలో ఉంటాయి. ప్లానోలో మాత్రం తొమ్మిది, పది తరగతులకు ఒక బడి, పదకొండు, పన్నెండు తరగతులకు సీనియర్ హైస్కూలు అని వేరే పెద్ద బడి. అందువల్ల మామూలుగా ఎవరికీ పట్టని సోఫమోరే మా బడిలో అందరికంటే పెద్దవాడు. ఒక విధంగా అది తెనాలి పద్ధతే: అక్కడా పదో తరగతితో బడి అయిపోతుంది. ఆ పోలిక నాకు మొదటి రోజునే తట్టింది, చాలా ధైర్యాన్నిచ్చింది. అయితే తెనాలిలో పదో తరగతివారు బడికి ఆశాకిరణాలు. ప్లానోలో వారు వచ్చే ఏడాది వేరే బడికి బస్సు ఎక్కబోయే పిల్లలు, అంతే.

ఆ వేసవిలో డాలస్ ప్రాంతంలో జూలై 1 నుంచి వరుసగా 84 రోజుల పాటు చుక్క వాన పడలేదు. సెప్టెంబరు 4న ఉష్ణోగ్రత 111 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో దాదాపు 44కు చేరింది. తెనాలి మే నెల ఎండ ఎరిగినవాళ్లం కాబట్టి మాకు ఆ ఎండ కొత్త కాదు; కానీ ఆ ఎండలో వీధిలో ఒక్క మనిషీ కనిపించకపోవడం, మజ్జిగ ఇచ్చే అరుగు గానీ, నీడకు చెట్టు గానీ లేకపోవడం కొత్త. పసుపుపచ్చ బస్సు దిగి బడి తలుపు తోసుకుని లోపలికి పోతే ఎముకలు కొరికే ఏసీ. ఎండలో రవిక తడిసిపోయిందని విసుక్కునే అమ్మే, నన్ను మాత్రం స్వెట్టరు వేసుకుని వెళ్లమనేది.

బడిలో గంట మోగితే మాస్టారు రావడం కాదు, మనమే పరుగెత్తాలి. ఒక్కొక్క సబ్జెక్టుకు ఒక్కొక్క గది, ఒక్కొక్క గదిలో వేరు వేరు పిల్లలు. ఇంగ్లీషులో నా పక్కన కూర్చునే అమ్మాయి కెమిస్ట్రీలో ఉండదు. కెమిస్ట్రీలో నాతో ప్రయోగాలు చేసే అబ్బాయి ఆ గది బయట కనిపిస్తే గుర్తుపట్టినట్టు తల ఊపి వెళ్లిపోతాడు. తెనాలిలో ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ మీద, ఒకే ముగ్గురితో కూర్చున్నదాన్ని. 'మా క్లాసు' అనే భావన ఒకటి ఉంటుందే, తరగతి మొత్తం కలిసి తన్నులు తినడం, తరగతి మొత్తం కలిసి నవ్వడం, అది ప్లానోలో నాకు ఆ ఏడాదంతా దొరకలేదు. లాకర్ తాళం మాత్రం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. కుడికి తిప్పి, ఎడమకు ఒక చుట్టు దాటించి, మళ్లీ కుడికి తెచ్చి ఆపితే టప్పున ఊడివచ్చే ఆ నల్లటి చక్రాన్ని తిప్పే నేర్పు వచ్చిన రోజున ఇంటికి వచ్చి తమ్ముడికి గాలిలో వేళ్లు తిప్పి చూపించాను.

చేర్చుకునేటప్పుడు వచ్చిన చిక్కు వేరు. తెనాలి బడివారు ఇచ్చిన తొమ్మిదో తరగతి మార్కుల కాగితాన్ని కౌన్సెలర్ ముందు పెడితే, ఆవిడ 78, 81 అన్న అంకెలు చూసి వాటిని ఉన్నవున్నట్టుగా సి, బి అని రాసుకున్నారు. మా బడిలో సాంఘిక శాస్త్రంలో 78 వస్తే చప్పట్లు కొట్టిస్తారని నాన్న ఎంత వినయంగా వివరించినా, ఆవిడ అంతే వినయంగా చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. ఇదేమంత పెద్ద విషయం కాదని అనుకున్నాం. కానీ ఒక ఆదివారం ఎవరో తెలుగువారి ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లినప్పుడు అసలు సంగతి బయటపడింది. 1997లో టెక్సస్ శాసనసభ ఒక చట్టం చేసింది: రాష్ట్రంలోని ప్రతి హైస్కూలులో తరగతి ర్యాంకు ప్రకారం పైన ఉన్న పది శాతం మందికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం దానంతటదే రావాలి. ఆ ర్యాంకు తొమ్మిదో తరగతి నుంచే లెక్కకు వస్తుంది. ప్రసాదం తింటూ ఒక అంకుల్ ఈ చట్టం గురించి చెప్పిన మరుక్షణం నుంచి ఆ గదిలో ఉన్న తల్లిదండ్రులందరి కళ్లలో ఎంసెట్ తిరిగి వెలిగింది. అక్కడిదాకా అమెరికా చదువు ఆటపాటల చదువని మురిసిపోయిన నాన్న కారులో ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. మర్నాడు నా వారం వారం గ్రేడ్ల కాగితం ఫ్రిజ్ తలుపు మీదికి ఎక్కింది.

ఎవరికీ పట్టని సంవత్సరం అని పైన అన్నాను. అది అమెరికన్ల మాట. ఫ్రిజ్ తలుపు దాకా వస్తే తెలుగు ఇళ్లలో పట్టని సంవత్సరం అంటూ ఉండదు. కాకపోతే తెనాలిలో ఊరంతా కలిసి వేసే భారాన్ని ఇక్కడ నాన్న ఒక్కరే మోసి నా మీద వేయవలసి వచ్చింది. ఒక్క మనిషి ఎంతని వేయగలరు?

లెక్కల్లో నాకు ఢోకా లేదు. నన్ను ఆల్జీబ్రా రెండో భాగంలో వేశారు. అందులో మాత్రికలు వచ్చినప్పుడు, చేతిసంచిలో తెచ్చుకున్న తెనాలి పుస్తకం తీసి చూస్తే అదే అధ్యాయం, దాదాపు అవే లెక్కలు. చిక్కల్లా క్యాలిక్యులేటరు దగ్గర. గీతలు గీసి చూపే పెద్ద క్యాలిక్యులేటరు ప్రతి విద్యార్థికీ ఉండాలన్నారు. దాని ధర వంద డాలర్లకు దరిదాపుల్లో ఉండేది. అమ్మ అప్పటికింకా ప్రతి వస్తువునూ నలభై ఆరుతో హెచ్చవేసి చూసే దశలో ఉంది. 'కూడికలు చేసే పెట్టెకు నాలుగున్నర వేలా, ఎక్కాలు రావూ నీకు?' అంది. ఎక్కాలు వచ్చు కాబట్టే నాకు ఆ తరగతిలో కొంత పేరు వచ్చింది. పదిహేడు పదమూళ్లు ఎంత అని అడిగి, నేను చెప్పిన జవాబును తమ యంత్రంలో సరిచూసుకుని ఆశ్చర్యపోవడం వెనక బెంచీ పిల్లలకు కొన్నాళ్లు కాలక్షేపంగా ఉండేది. అంతకు మించిన కీర్తి నాకు ఆ బడిలో దక్కలేదు, నేను కోరుకోనూ లేదు.

అక్టోబరులో హోమ్‌కమింగ్, అంటే పాత విద్యార్థులను మళ్లీ బడికి పిలిచే పండుగ, వచ్చింది. ఫుట్‌బాల్ పోటీ సీనియర్ హైస్కూలుదే అయినా ఉత్సాహం మా బడి దాకా పాకేది. టెక్సస్‌లో ఈ పండుగకు ఒక ఆచారం ఉంది; మిగతా అమెరికాలో చెబితే నమ్మరు. అబ్బాయిలు అమ్మాయిలకు 'మమ్' అనే అలంకారం ఇస్తారు. అది చేటంత గుడ్డ చామంతి పువ్వు. దాని కింద మోకాళ్ల దాకా వేలాడే బడి రంగుల రిబ్బన్లు, రిబ్బన్ల మీద బంగారు జిగురు అక్షరాలతో ఇద్దరి పేర్లు, మధ్యలో చిట్టి ఎలుగుబంటి బొమ్మలు, ప్లాస్టిక్ ఫుట్‌బాళ్లు, గలగలలాడే మువ్వలు. శుక్రవారం నాడు కెమిస్ట్రీ గదిలో నా ముందు బల్ల అమ్మాయి దాన్ని భుజానికి పిన్నీసులతో తగిలించుకుని వచ్చింది. బరువుకు చొక్కా ఒక పక్కకు జారిపోతుంటే సర్దుకుంటూ, బున్సెన్ దీపం దగ్గరికి వెళ్లినప్పుడు రిబ్బన్లన్నీ ఎడమచేత్తో పోగు చేసి పట్టుకుని, కుడిచేత్తో పరీక్షనాళిక తిప్పింది. టీచరు రెండుసార్లు హెచ్చరించి, మూడోసారి ఆమెను దీపానికి దూరంగా కూర్చోబెట్టి, లెక్కలు రాసుకోమన్నారు. ఆ రోజు బడి నడవలన్నీ మువ్వల చప్పుడే. ఇంటికి వచ్చి ఈ వైభవాన్ని వర్ణిస్తే అమ్మ అన్నిటికంటే ముందు అడిగిన ప్రశ్న, 'చామంతిని జడలో పెట్టుకోకుండా భుజాన తగిలించుకోవడం ఏమిటే?' అని, ఆ తర్వాత కొంచెం ఆగి, 'నీకెవరూ ఇవ్వలేదు కదా?' అని. ఇవ్వలేదు. ఇస్తే ఏం చేసి ఉండేదాన్నో నాకు తెలుసు: లాకర్‌లో దాచి, ఇంటికి వట్టి చేతులతో వచ్చేదాన్ని.

నవంబరు 7న అధ్యక్ష ఎన్నిక జరిగింది. పోటీలో ఉన్న జార్జి బుష్ అప్పటికి టెక్సస్ గవర్నరు. అందువల్ల మా ఊళ్లో పచ్చిక మీద నాటిన అట్టబోర్డుల్లో ఎక్కువ ఆయనవే. మర్నాడు ఉదయం ప్రపంచ చరిత్ర తరగతికి వెళితే గెలిచిందెవరో టీచరుకే తెలియదు. ఆ తర్వాత అయిదు వారాల పాటు, డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా, మా టీచరు పాఠ్యపుస్తకాన్ని తరచుగా పక్కన పెట్టి ఫ్లోరిడా గురించే చెప్పారు: చిల్లు సరిగా పడని ఓటు కాగితాలు, వాటిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసే అధికారులు, చివరికి మొత్తం దేశాన్ని తేల్చిన 537 ఓట్ల తేడా. రాజులు, రోము సామ్రాజ్యం కంటే నాకు ఈ పాఠాలే బాగా వంటబట్టాయి. ఇండియాలో ఎన్నికలు ఎలా జరుగుతాయని ఆయన ఒకసారి నన్నడిగితే, ఎడమచేతి చూపుడువేలు చూపించి సిరా చుక్క గురించి చెప్పాను. తరగతి అంతా తమ తమ వేళ్ల వంక చూసుకుంది. ఆ సంవత్సరంలో నేను తరగతి ముందు ధారాళంగా మాట్లాడిన మొదటి సందర్భం అదే.

సోఫమోర్‌కు ఉన్న ఒకే ఒక్క ఆకర్షణ పదహారో ఏడు. టెక్సస్‌లో పదిహేనేళ్లకు శిక్షణ అనుమతి, పదహారుకు కారు నడిపే లైసెన్సు వస్తాయి. కాబట్టి ఆ ఏడాది పొడుగునా ఎవరో ఒకరు పుట్టినరోజు మర్నాడే తాళంచెవి వేలికి తిప్పుకుంటూ బడికి వచ్చేవారు. తాళంచెవి వస్తే పెట్రోలు కావాలి, పెట్రోలుకు ఉద్యోగం కావాలి. కిరాణా దుకాణాల్లో సరుకులు సంచుల్లో సర్దడం, బర్గర్లు చుట్టడం, చిన్నపిల్లలను చూసుకోవడం, గంటకు 5 డాలర్ల 15 సెంట్ల కనీస వేతనం. సోమవారం ఉదయం మాటలన్నీ మేనేజర్లు, షిఫ్టుల గురించే ఉండేవి. హెచ్-4 మీద వచ్చినవారికి అప్పట్లో పని చేసే హక్కు ఉండేది కాదు. తెనాలిలో పదో తరగతి పిల్ల దుకాణంలో పనిచేస్తే ఇంట్లో ఏదో కష్టం వచ్చిందని ఊరు జాలిపడుతుంది. ఇక్కడ పెద్ద భవంతుల పిల్లలు పనిచేస్తుంటే నేను ఖాళీగా కూర్చోవడం సంజాయిషీ చెప్పుకోవలసిన విషయమైంది. వీసా గురించి వివరించడం కంటే 'మా అమ్మ ఒప్పుకోదు' అనడం తేలిక. అందరికీ అర్థమయ్యే కారణం అది.

తెనాలి నుంచి నాకు ఉత్తరాలు రాసేది మా పెద్దమ్మ కూతురు. మేమిద్దరం ఒకే తరగతి, ఒకే బెంచీ. ఫోను కార్డులతో మాట్లాడే వీలున్నా, ఆ కార్డు వెనక అంటిన వెండిపూత గీకి, అంత పొడవు నంబరు కొట్టి, గీమన్న చప్పుడులో 'బాగున్నారా, బాగున్నాం' అనుకునేసరికి నిమిషాలు అయిపోయేవి. పైగా మాకు రాత్రి అయితే వాళ్లకు మర్నాటి ఉదయం. ఉత్తరాల్లో మాత్రం అది విశ్వరూపం చూపేది. తెల్లవారుజామున నాలుగింటికి లేపి పెద్దమ్మ ఇచ్చే కాఫీ గురించి, రాత్రి తొమ్మిది దాకా బడిలోనే కూర్చోబెట్టే స్టడీ అవర్ల గురించి, స్లిప్ టెస్టులో ఒక మార్కు తగ్గితే గోడకుర్చీ వేయించిన సైన్సు టీచరు గురించి, పరీక్ష ఫీజు కట్టించుకుంటూ పుట్టినతేదీ, ఇంటిపేరు తప్పుపోతే జన్మంతా ఏడవాలని గుమస్తా చేసిన హెచ్చరిక గురించి, ఎర్రసిరాతో అండర్‌లైన్లు కొట్టి మరీ రాసేది. ప్రతి ఉత్తరం చివరా ఒకే వాక్యం: 'నీకు పబ్లిక్ పరీక్షలు లేవంటగా, పెట్టి పుట్టావే.' నేను దానికి జవాబుగా కారుల గురించీ, మమ్‌ల గురించీ రాసేదాన్ని. నాకూ ఆ గోడకుర్చీ కావాలని రాయలేదు. రాస్తే అది నమ్మేది కాదు.

జనవరి 26న గుజరాత్‌లో భుజ్ భూకంపం వచ్చింది. సోమవారం బడికి వెళ్లేసరికి చరిత్ర టీచరు గోడ మీద చుట్టి ఉన్న ప్రపంచపటాన్ని కిందికి లాగి ఉంచారు. మీవాళ్లు క్షేమమేనా అని అడిగి, ఆ చోటు ఎక్కడుందో చూపమన్నారు. నేను వెళ్లి కచ్ ప్రాంతం చూపించాను. తర్వాత ఎవరూ అడగకపోయినా, పటానికి అటు చివరన బంగాళాఖాతం వైపు వేలు జరిపి, మా ఊరు ఇక్కడ, కృష్ణానది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరలో అన్నాను. ఆ పటంలో ఆ నదికి పేరు కూడా రాయలేదు. భోజనాల విరామంలో డబ్బా పెట్టి చందాలు పోగుచేస్తే, అంతవరకు నాతో ఒక్క మాటైనా మాట్లాడని పిల్లలు వచ్చి అయిదేసి డాలర్ల నోట్లు వేసి వెళ్లారు.

ఇక పరీక్షల మాట. టెక్సస్ పదో తరగతికి కూడా అప్పట్లో ఒక ప్రభుత్వ పరీక్ష ఉండేది, దాన్ని 'టాస్' అనేవారు. చదవడం, రాయడం, లెక్కలు అన్న మూడు భాగాలూ గట్టెక్కితే గాని హైస్కూలు పట్టా ఇచ్చేవారు కాదు. ఆ పరీక్షను మొదటిసారి పదో తరగతి వసంతకాలంలోనే పెట్టేవారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగినది భయం కాదు, ఒకరకమైన ఉత్సాహం. నాకూ పబ్లిక్ పరీక్ష ఉందని పెద్దమ్మ కూతురికి వెంటనే రాశాను. నాన్న నన్ను పొద్దున్నే లేపారు, అమ్మ దేవుడి దగ్గర పెన్సిళ్లు పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. పెరుగూ పంచదారా తిని, కొత్త రబ్బరు జేబులో వేసుకుని, బడికి వెళ్లాను.

అక్కడ హాల్ టికెట్ లేదు. వేరే బడిలో సెంటరు లేదు, గేటు దగ్గర తల్లిదండ్రుల గుంపు లేదు, గోడల మీదుగా చీటీలు విసిరే అన్నలు లేరు, 144 సెక్షన్ లేదు. నా మామూలు గదిలోనే, గుండ్రాలు దిద్దే కాగితం ఒకటి చేతికిచ్చి, నింపమన్నారు. అన్నిటికంటే విడ్డూరం, ఆ పరీక్షకు కాలపరిమితి లేదు. పూర్తయ్యేదాకా రాసుకోవచ్చు. తెనాలిలో రెండున్నర గంటల పరీక్షకు గంట గంటకూ మోగే గంట ఉండేది. చివరి అరగంటలో బిట్ పేపరు వచ్చేది. అడిషనల్ షీట్లు లెక్కపెట్టి, తెల్లదారం గుచ్చి, ముడివేసే లోపే ఇన్విజిలేటరు లాక్కునేవారు. ఆ దారపు ముడి వేయడం మేము ఎనిమిదో తరగతి నుంచే సాధన చేసినవాళ్లం. ప్లానోలో నేను లెక్కల భాగం ముగించి తల ఎత్తేసరికి, నా పక్క అబ్బాయి కాగితం బోర్లించి దాని మీద చెంప ఆనించి నిద్రపోతున్నాడు. టీచరు నవల చదువుకుంటున్నారు. తప్పితే మళ్లీ రాయవచ్చు, ఆ తర్వాత మళ్లీ రాయవచ్చు, పన్నెండో తరగతి ముగిసేలోగా ఎన్నో అవకాశాలున్నాయి. నేను గట్టెక్కిన సంగతి చాలా రోజుల తర్వాత ఒక కాగితం ద్వారా తెలిసింది. అమ్మ ఎవరికి మిఠాయి పంచాలో తోచక, మా కింద అంతస్తులో ఉండే మెక్సికో కుటుంబానికి రవ్వలడ్లు ఇచ్చి వచ్చింది. వారు అది ఏ పండుగో అడిగితే ఏం చెప్పిందో నాకిప్పటికీ తెలియదు.

తెనాలిలో ఫలితాలు వచ్చినప్పుడు పెద్దమ్మ కూతురికి అయిదువందల పైచిలుకు మార్కులు వచ్చాయి. హిందీలో ఇరవై వస్తే పాసు కదా అని దాన్ని గాలికి వదిలేసిన మా బెంచీలో మూడో పిల్ల అదే హిందీలో అరవై తెచ్చుకుని, లెక్కల్లో తప్పిందట. ఆ కబురు విన్న సాయంత్రం నేను చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ లెక్కలు నేను పక్కన ఉంటే చెప్పి ఉండేదాన్ని.

అప్పటికి మా ఇంట్లో వేరే గొడవ నడుస్తోంది. పక్క ఊరు రిచర్డ్‌సన్‌లో రహదారి పొడవునా ఉన్న టెలికాం కంపెనీలన్నీ ఆ వసంతంలో మనుషులను తీసేయడం మొదలుపెట్టాయి. నాన్న పనిచేస్తున్న చోటా కాంట్రాక్టు అర్ధంతరంగా ముగిసింది. ఉద్యోగం పోతే వీసా నిలవదు. వీసా లేకపోతే అందరమూ వెనక్కి. నాన్న ఇంట్లో కూర్చుని ఫోను పక్కనే భోంచేసేవారు. ఫ్రిజ్ మీది గ్రేడ్ల కాగితం పాతబడిపోయినా ఎవరూ మార్చలేదు. వెనక్కి వెళితే నేను మళ్లీ పదో తరగతిలో చేరాలా, లేక నేరుగా ఇంటర్‌లో తీసుకుంటారా అన్న చర్చ ఒకటి రెండు రాత్రులు జరిగింది. బడి ముగియడానికి కొద్దిగా ముందు నాన్నకు ఇంకో పని దొరికింది, మేము ఉండిపోయాము. దాని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. ఆ ఏడాది ఆ ప్రాంతంలో ఉన్న తెలుగు ఇళ్లలో చాలావాటి కథ అదే.

మే చివరి వారంలో బడి వార్షిక సంచిక పంచారు. దళసరి అట్ట, నునుపు కాగితం, ఒక్కొక్క పేజీలో వరుసలు వరుసలుగా తపాలాబిళ్లలంత ఫోటోలు. ఒకరి పుస్తకంలో ఒకరు సంతకాలు చేయాలి. తెనాలిలో ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో కవిత్వం రాస్తాం, పూలు గీస్తాం, 'కెరటాలు మరిచినా తీరం మరవదు' వంటివి దంచుతాం. ఇక్కడ నాకు అందరూ రాసినది ఒకటే, వేసవి బాగా గడపమని. ఓపిక లేనివారు దాన్ని కూడా కుదించి 'హాగ్స్' అన్నారు. కెమిస్ట్రీలో మమ్ కట్టుకుని వచ్చిన అమ్మాయి మాత్రం నా ఫోటో పక్కన బాణం గుర్తు వేసి, 'పదిహేడు పదమూళ్లు 221, నేను మర్చిపోను' అని రాసింది. ఆమె వేసవిలోనే ఒహాయోకు మారిపోయింది.

ప్లానోలో నాతో చదివినవారు ఇప్పుడు కలుసుకుంటే 2003 తరగతిగా కలుసుకుంటారు, ఎందుకంటే పట్టా పుచ్చుకున్నది ఆ ఏడాది. సోఫమోర్ సంవత్సరానికి సమ్మేళనం అంటూ ఎక్కడా ఉండదు. తెనాలిలో దీనికి పూర్తిగా తలకిందులు: డిగ్రీ ఎక్కడ చదివినా, ఉద్యోగం ఏ దేశంలో చేసినా, మనిషి ఏ బ్యాచ్ అంటే పదో తరగతి బ్యాచే. నాకు ఆ సర్టిఫికెట్టూ లేదు. మన దగ్గర పుట్టినతేదీకి, ఇంటిపేరుకు అదే ప్రమాణం కాబట్టి, ఆస్తి కాగితాల పని మీద వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒక ఉద్యోగి నన్ను టెంత్ మెమో అడుగుతారు. లేదంటే, ఇంత చదివి పదో తరగతి పాసవలేదా అన్నట్టు చూస్తారు.

2001 బ్యాచ్‌కు పాతికేళ్లు నిండుతున్నాయని మా బడివాళ్లు వాట్సాప్ గ్రూపు పెట్టినప్పుడు పెద్దమ్మ కూతురు నన్ను అడగకుండానే చేర్చింది. పరీక్షే రాయని మనిషి బ్యాచ్‌లోకి ఎలా వస్తుందని ఒకరు, తొమ్మిది దాకా చదివింది కదా అని ఇంకొకరు, రెండు రోజులు వాదించుకున్నారు. అందరూ పదో తరగతి నాటి ఫోటో పంపాలంటే నేను ప్లానో సంచికలోని తపాలాబిళ్ల ఫోటో పంపాను. వెనక నీలం తెర, మెడలో తెనాలిలో కొన్న పూసల దండ. అది చూసి లెక్కల్లో తప్పిన పిల్ల, ఇప్పుడు గుంటూరులో రెండు బట్టల దుకాణాల యజమానురాలు, 'బి సెక్షన్‌లో వేయండర్రా' అని తీర్పు చెప్పింది. దాంతో వాదన ఆగిపోయింది. ఆ వెంటనే భోజనాల కమిటీవారు, డాలర్లలో సంపాదిస్తున్న మనిషిని కాబట్టి మధ్యాహ్నం భోజనం ఖర్చు నా పేరున రాశామని తెలియజేశారు. ఇదెక్కడి న్యాయమని పెద్దమ్మ కూతురికి ఫోను చేశాను. 'పరీక్ష ఎగ్గొడితే ఎగ్గొట్టావు, ఫీజు కట్టాల్సిందేనే' అంది.